జమ్ములమ్మ ముడి

ఇప్పుడు మా ఇంట్లో ఏ వైరు తీసి ఏ డబ్బాకు గుచ్చినా ఎక్కుతుంది. నా ఫోనుకు, నా భార్య ఫోనుకు, గడ్డం గీసుకునే మిషనుకు, పొలానికి తీసుకుపోయే బ్యాటరీ లైటుకు, అన్నిటికీ ఒకటే పిన్ను. ఇకమీద వచ్చేవన్నీ ఇట్లాగే ఉండాలని సర్కారు కూడా అంటోందట. మంచిదే, లోకమంతా మెచ్చుకుంటోంది. నాకు మాత్రం ఆ మాట చెవిన పడితే చాలు, ఒళ్లు మండుతుంది.

పాపం, పిన్ను నాకేం చెయ్యలేదు. చేసిందల్లా జమ్ములమ్మకు. అమరచింత బస్టాండు పక్కన నా జిరాక్సు షాపును ఆనుకుని ఒక రేకుడబ్బా ఉంది. అందులో చార్జర్లు పెట్టుకుని కూర్చునేది జమ్ములమ్మ. పేరు జమ్మిచేడు అమ్మవారిది, ఆదివారం పోయేది చర్చికి. నా మిషను, ఆమె డబ్బా దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. నాకు కోపం ఎక్కువని ఊళ్లో పేరు. కరెంటు పోతే పోయిందని తిడతాను, వస్తే ఇంతసేపు ఎందుకు రాలేదని తిడతాను. ఆమె అటు నుంచి తొంగి చూసి, “జర సల్లగుండు మహిపాల్ తమ్మీ, నీ మిషన్ కంటె నువ్వే ఎక్కువ వేడెక్కుతున్నవ్,” అనేది. అంతే, నా కోపం ఉఫ్‌మని పోయేది.

ఆమె సంగతి చెప్పాలంటే చార్జర్ల కంటే ముందు ఒక తాళం గురించి చెప్పాలి.

జమ్ములమ్మ, ఆమె పెనిమిటి అబ్రహాం లగ్గమైన ఏడాదే పూనా బస్సెక్కారు. అప్పుడు వాళ్ల వాడలో ఎండాకాలం సగం తలుపులకు తాళాలే కనిపించేవి. జూరాల నీళ్లు కొన్ని చేలకు వచ్చాయి గానీ చేను లేనివాడికి నీళ్లొస్తే ఏమి, రాకుంటే ఏమి! అపార్టుమెంట్లు కట్టే చోట ప్లాస్టిక్ కవర్ల గుడిసెలో కాపురం పెట్టి, ఏడాదికోసారి క్రిస్మసుకు ఊరొచ్చేవారు. పిల్ల మనీషా అక్కడే పుట్టింది. ఒకసారి ఇట్లాగే వచ్చేసరికి ఇంటి తాళం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. తాళంచెవి తిరగలేదు. నూనె పోసినా తిరగలేదు. నల్లా దగ్గర నీళ్లు పట్టేవాళ్లంతా చూస్తుండగా అబ్రహాం రాయితో కొట్టి దాన్ని పగలగొట్టాడు. సొంత ఇంట్లోకి దొంగల్లా దూరాల్సి వచ్చిందని జమ్ములమ్మకు తల కొట్టేసినట్టయింది. పిల్లను చంకలో వేసుకుని గడపలోనే నిలబడి, “ఈ తలుపుకు మల్ల తాళం ఎయ్య. పస్తులన్న ఉంట,” అన్నదట. ఆ విరిగిన తాళాన్ని పారేయలేదు. ఇప్పటికీ వాళ్లింటి గూట్లో, బైబిలు పక్కన ఉంది. నేను కళ్లారా చూశాను.

ఆ మాట నిలబెట్టుకోవడానికే ఆమె చార్జర్ల డబ్బా పెట్టింది. డబ్బా నడిచినన్నాళ్లూ తలుపు తెరిచి ఉంటుంది. డబ్బా మూతపడితే పూనా బస్సే. ఇది నాకు మొదట్నుంచీ తెలుసు, అందుకే ఆమె డబ్బా ముందు జనం లేకపోతే నా షాపులో జనం లేనంత బాధగా ఉండేది.

చార్జర్ల విద్య ఆమెకు పూనాలోనే అబ్బింది. బిల్డింగు కింద వాచ్‌మన్ గదిలో ఒక్కటే స్విచ్చు బోర్డు ఉండేదట, గుంపంతటికీ అదే దిక్కు. చంటిపిల్ల తల్లి కాబట్టి ఇటుకలు మోసే పని తప్పించి ఆమెకు వంటపని ఇచ్చారు, దాంతోపాటు ఫోన్ల కాపలా. పొద్దుగూకి పని దిగినవాళ్లు నా ఫోనేది, నా చార్జరేదని ఒకరి మీద ఒకరు పడేవాళ్లు. సన్నపిన్ను ఫోన్లోకి లావుపిన్ను దూర్చి విరగ్గొట్టిన వీరులు కూడా ఉన్నారు. జమ్ములమ్మ పాత చీర అంచు చింపి పీలికలు చేసింది. రంగు చూసి ఫోనుకొకటి, దాని చార్జరుకొకటి కట్టింది. పీలికకు పీలిక కలిస్తేనే పెట్టుకోండి అని చెప్పింది. దాంతో లొల్లి సద్దుమణిగింది.

ఊరొచ్చాక మగ్గం నేసే బాలన్న ఇంట్లో కండెలు చుట్టడానికి పోయింది. రాట్నం తిప్పుతూ దారాన్ని చిన్న గొట్టాలకు ఎక్కించే పని అది. కూలి తక్కువే గానీ అక్కడ తెగిన పట్టుపోగులు మాత్రం కావలసినన్ని. “గివి నాకిస్తవా బాలన్నా?” అని అడిగి సంచిలో నింపుకుని తెచ్చుకునేది. ఆ సంచితోనే డబ్బా తెరిచింది. అబ్రహాం ఒకరి చేన్లో కూలికి పోతూ, తీరిక దొరికినప్పుడు గద్వాల పోయి చార్జర్లు తెచ్చేవాడు.

ఆ రోజులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. సన్నపిన్ను, లావుపిన్ను, పల్చపిన్ను, ఇవేవీ కానిదల్లా చైనాపిన్ను. ఎవరింట్లో ఏ పిన్నుందో ఊరందరికీ తెలుసు. సన్నపిన్ను వాళ్లంతా ఒక వంశం, లావుపిన్ను వాళ్లంతా ఒక వంశం. పెళ్లికి వచ్చిన చుట్టం మంచినీళ్లు తాగేలోపే “మీ తాన పల్చపిన్ను ఉన్నదా?” అని అడిగేవాడు. లేకపోతే పక్కింటికి, అక్కడా లేకపోతే ఎదురింటికి, చివరికి జమ్ములమ్మ దగ్గరికి. ఆమె చార్జరు అమ్మేది, కొనలేనివాడికి ఊరికే పెట్టి ఇచ్చేది. ఫోను నిండేదాకా వాడు ఆమె డబ్బా ముందు, లేదంటే నా షాపు అరుగు మీద కూర్చుని లోకం సంగతులన్నీ చెప్పాల్సిందే.

మా నాయిన భీమన్నకూ మా మేనమామకూ గట్టు తగాదా. ఏళ్ల తరబడి మాటల్లేవు. ముసురు పట్టిన ఒకరోజు మామ ఫోను చచ్చిపోయింది. ఆయనది లావుపిన్ను. అప్పటికి జనం సన్నపిన్నుకు మారిపోయారు, జమ్ములమ్మ దగ్గరున్న లావుపిన్ను అంతకుముందే ఎవరో పట్టుకుపోయారు. “మీ బావ ఇంట్ల ఉన్నది. నేనే అమ్మిన,” అని చెప్పింది జమ్ములమ్మ. కావాలనే చెప్పిందని నా అనుమానం. మామ మా గుమ్మంలో తడుస్తూ నిలబడి, “బావా, చార్జరున్నదా?” అన్నాడు. నాయిన కొంచెంసేపు చూసి లోపలికి రమ్మన్నాడు. ఫోను నిండేదాకా కూర్చోక తప్పదు కదా. ఇద్దరూ ముందు గోడను చూస్తూ కూర్చున్నారు, తర్వాత వానను గురించి మాట్లాడారు, ఫోను నిండేసరికి ఒకే పీట దగ్గర అన్నం తింటున్నారు. ఇప్పుడు ఎవరింటికి ఎవరు ఏమి అడగడానికి పోతారు చెప్పండి?

తమాషా ఏమిటంటే, జమ్ములమ్మ ఇంట్లోనే పిన్నులు కలవలేదు. అబ్రహాంది సన్నపిన్ను, ఆమెది పల్చపిన్ను. తలుపు పక్కన గోడకు రెండు మేకులు, ఒక్కో మేకుకు ఒక్కో చార్జరు. “పాస్టరయ్య మనుషులనే జత జేసిండు, ఫోన్లను జెయ్యలే,” అని అబ్రహాం నవ్వేవాడు.

ఫోన్లతో ఆగలేదు. ఇళ్లల్లోకి టీవీ డబ్బాలొచ్చాయి, వైరు లేని ఇంటి ఫోన్లొచ్చాయి, దేవుని పాటలు పాడే చిన్న పెట్టెలొచ్చాయి. ప్రతిదానికీ ఒక అడాప్టరు. వీటితో చిక్కేమిటంటే మూతి చూస్తే అన్నీ ఒకటే, లోపల కరెంటు వేరు. ఐదు వోల్టులు తాగేదానికి తొమ్మిదో పన్నెండో పెడితే పొగ. డబ్బా మీద రాసి ఉంటుంది గానీ ఆ అక్షరాలు చదవాలంటే సూదిలో దారం ఎక్కించే కళ్లుండాలి. జమ్ములమ్మ మళ్లీ దారాన్నే నమ్ముకుంది. ఐదుకు ఆకుపచ్చ పోగు, తొమ్మిదికి పసుపు, పన్నెండుకు ఎరుపు. వస్తువుకొకటి, దాని అడాప్టరుకొకటి. రంగుకు రంగు జతచేస్తే చాలు, చదువు అక్కర్లేదు. ఇంటింటికీ పోయి కట్టి వచ్చింది. జనం ఎంత సంబరపడ్డారో!

ఆ సంబరం దసరా దాకా ఉంది. పండగ తెల్లవారి మా అమ్మ జోగులమ్మ తన పాటల పెట్టెను కొంగులో పెట్టుకుని బస్టాండుకు వచ్చింది. బీచుపల్లి గుడి ముందు కొన్న పెట్టె అది. పొద్దున్నే అందులో ఆంజనేయుని పాటలు మోగకపోతే ఆమెకు చాయ్ దిగేది కాదు. ఇప్పుడు దాని నుంచి కాలిన వాసన వస్తోంది.

“ఏమే జమ్ములూ, గిదేనా నీ దారం? పసుపుకు పసుపు పెట్టుమంటివి, పెట్టిన. నా దేవుని పెట్టె కాలబెట్టినవ్ గదే!” అని అరిచింది. నా కోపం ఎక్కడి నుంచి వచ్చిందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా మూగారు. మా టీవీ డబ్బాకు కూడా దారం కట్టింది, అదెప్పుడు కాలుతుందో అని ఒకడన్నాడు. ఇంకొకడు ఇంటికి పోయి దారాలన్నీ తెంపేస్తానన్నాడు. జమ్ములమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ డబ్బా మీద నమ్మకం పోతే ఏమవుతుందో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. పెట్టెను అందుకుని తిప్పి చూసింది. కుంకుమ బొట్లు, పసుపు మరకలు, వాటి కింద ఎక్కడో మాసిపోయిన ఆకుపచ్చ పోగు, పైన దిట్టంగా పసుపుదారం.

“ఇది నేను గట్టింది గాదమ్మా. ఇది పట్టు గాదు, నూలు,” అంది.

“నేనే గట్టిన. దసరా గద! ట్రాక్టరుకు గట్టిన, మిక్సీకి గట్టిన, టీవీకి గట్టిన. దేవుని పెట్టెకు గట్టకుంటె ఎట్ల?”

“మరి నువ్వు దీనికి పెట్టిన ఇంటిఫోన్ అడాప్టరుకు? అది తొమ్మిదిది.”

“దానికి మొదాలే పసుపుదారం ఉండె. జమ్ములు మంచిగ కట్టిచ్చిందని బొట్టు పెట్టి ఊకున్న.”

జమ్ములమ్మ కాసేపు మా అమ్మ మొహంలోకి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. “మా ఇండ్లల్ల దసరాకు దారాలు గట్టరమ్మా. ఆ సంగతే నా యాదిల లేదు,” అంది. ఊళ్లో అప్పటికి ప్రతి ఇంట్లో మిషన్లన్నీ పసుపుదారాలతో ముస్తాబై ఉన్నాయి. ఇంకా ఎన్ని పెట్టెలు కాలేవో! ఆమె అప్పటికప్పుడు డబ్బా మూసి ఇంటింటికీ పరిగెత్తింది. తర్వాత అబ్రహాం బీచుపల్లి పోయి అచ్చం అట్లాంటి పెట్టే తెచ్చాడు. చర్చికి పోయే మనిషి గుడి ముందు నిలబడి, ఆంజనేయుని పాటలన్నీ ఉన్నాయో లేదో ఒక్కొక్కటీ పెట్టించుకుని విని తెచ్చాడు. మా అమ్మ ముందు తీసుకోనని మొండికేసింది. మొదటి పాట మోగగానే లాక్కుంది.

ఇక పసుపు పనికిరాదు, వేరే రంగు వెతకాలి. ఎరుపు పెడదామంటే అది అమ్మవార్లది, జాతరకు పోయినవాళ్లు తెచ్చి తలుపుకూ బండికీ కడతారు. ఆకుపచ్చ పీర్ల పండక్కి, దర్గాకు పోయేవాళ్లది. నలుపు దిష్టిదారం. తెలుపైతే ఇంట్లో వేలాడితే ముసలివాళ్లు ఊరుకోరు. జమ్ములమ్మ సంచిలోని పోగులన్నీ కింద పోసుకుని తల పట్టుకుంది.

“ఏ రంగు పట్టినా ఎవరో ఒక దేవుడు మొదాలే వచ్చి కూసున్నడు తమ్మీ!” అంది నాతో. నాకైతే పగలబడి నవ్వొచ్చింది, ఆమె పరేషానీ చూసి మింగేశాను.

చివరికి ఆమెకే తట్టింది. రంగు ఏదైతే ఏమి, ముడి ఉంది కదా! ఐదుకు ఒక ముడి, తొమ్మిదికి రెండు, పన్నెండుకు మూడు.

“మూడు ముళ్లు లగ్గానివి గదనే,” అన్నాడు అబ్రహాం.

“ఉంటె ఉండనియ్యి. లగ్గమైనదానికి పొగ రాదు.”

“లగ్గంనాడు రాదు. తర్వాతనే గద వచ్చేది!”

జమ్ములమ్మ చేతిలో ఉన్న చార్జరు వైరుతోనే అతని వీపు మీద ఒకటి అంటించింది. అరుగు మీద కూర్చున్నవాళ్లందరం నవ్వాం. ఆ నవ్వులు ఇప్పుడు ఆ బస్టాండులో వినబడవు.

ముడి మాత్రం ఊరికి పట్టింది. కరెంటు పోయి వచ్చిన చీకట్లో కూడా వేలితో తడిమి పెట్టుకోవచ్చు. “మూడు ముళ్లది ఇయ్యి” అంటే టీవీ డబ్బాదని చిన్నపిల్లలకు కూడా తెలుసు. కొత్త అడాప్టరు ఎక్కడ కొన్నా ముందు జమ్ములమ్మ దగ్గరికి తెచ్చి ముడి వేయించుకునేవాళ్లు, కొన్నది ఆమె దగ్గర కాకపోయినా సరే. ఆమె కూడా కాదనేది కాదు. మా అమ్మకు చివరి రోజుల్లో కళ్లు సరిగా కనబడలేదు. పడుకున్నచోటి నుంచే చెయ్యి చాపి, ఒక్క ముడి తడిమి చూసుకుని, పెట్టెకు పిన్ను పెట్టుకునేది. ఆమె పోయాక పెట్టె తీసి చూశాను. దారం నూనె జిడ్డుతో నల్లబడింది, ముడి మాత్రం వదల్లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత ఒక్కొక్క పిన్నే మాయమైంది. లావుపిన్ను ముందే పోయింది, సన్నపిన్ను వెనకాలే పోయింది. పల్చపిన్ను కొన్నాళ్లు ఊరంతా ఏలింది. ఇప్పుడు అటు తిప్పినా ఇటు తిప్పినా దూరే ఈ కొత్తపిన్ను. తలకిందులుగా పెట్టామని తిట్టుకునే పని కూడా లేకుండా పోయింది. పెట్టెలూ లైట్లూ అన్నీ దాంట్లోకే వచ్చి పడ్డాయి, వోల్టుల సంగతి అవే మాట్లాడుకుంటాయట. ఇక జమ్ములమ్మను అడగాల్సింది ఏముంది? జనం వచ్చేవారు, చార్జరు చూపించి ఇవ్వమనేవారు, పోయేవారు. కొన్నాళ్లకు అది కూడా లేదు, ఇంట్లో ఒకటుంటే అన్నిటికీ సరిపోతుంది. ఆమె డబ్బాలో గోడ నిండా వేలాడే పాత అడాప్టర్లు, ముళ్లతో సహా, దుమ్ము పట్టాయి. ఆమె పొద్దున్నే వచ్చి వాటిని తుడిచి, మళ్లీ అక్కడే తగిలించి కూర్చునేది. చూడలేక నేను నా షాపులోకి తల తిప్పుకునేవాడిని.

ఇంతలో మొన్నటి కార్తీకంలో జయరాజు వచ్చాడు. జయరాజు గుంపుమేస్త్రి, పూనాకు మనుషుల్ని తీసుకుపోయేవాడు. అబ్రహాంకు వరసకు తమ్ముడు. చేన్లల్లో పని తగ్గే రోజులు. మనీషా నాగర్‌కర్నూల్లో హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. ఇంకొక్క ఏడాది చదువు మిగిలింది. డబ్బా మీద వచ్చేది ఏమీ లేదు. అబ్రహాం ఈ లెక్కలన్నీ లోపల్లోపల వేసుకున్నాడు కాబోలు, వస్తానని జయరాజుకు మాటిచ్చేశాడు.

జమ్ములమ్మకు అది నా షాపు ముందే తెలిసింది. “నువ్వు గూడ రా. ఇద్దరం పోతె జల్ది వస్తం,” అన్నాడు అబ్రహాం.

“నేను రాను.”

“మరి నేనొక్కన్నే పోయొస్త.”

“ఒక్కనివి పోతవ్, ఆడ ఒండుకునే దిక్కు లేక నాలుగు దినాలకు ‘జమ్ములూ రాయే’ అంటవ్. నేనొస్త. తలుపుకు తాళం పడ్తది. నాకు తెల్వదా?” అంది. ఆ తర్వాత ఆమె అతనితో మాట్లాడడం మానేసింది. అన్నం పెట్టేది, మాట మాత్రం లేదు. అబ్రహాం నా దగ్గరికొచ్చి నసిగాడు. ఎవరి తరఫున మాట్లాడాలో నాకు తోచక, కరెంటు వాళ్లను నాలుగు తిట్టి ఊరుకున్నాను.

పోయే రోజు మధ్యాహ్నం గుంపంతా బస్టాండులో చేరింది. మూటలు, బకెట్లు, గంపలు, చేతుల్లో ఫోన్లు. బస్సు ఇంకా రాలేదు. జయరాజు చాయ్ తాగుతూ జమ్ములమ్మ డబ్బా ముందు నిలబడ్డాడు.

“పోయినేడు ఒక్కటే లొల్లి వదినా,” అన్నాడు. “చార్జర్లన్ని తెల్లయే, అన్నిటికి అదే పిన్ను. నా మంచిది నువ్వెత్కపోయినవని ఒకడు, నీ పాడైంది నాకంటగట్టినవని ఇంకొకడు. ఒకని నెత్తి గూడ పల్గింది. ఆ సన్నపిన్ను, లావుపిన్నే మంచిగుండె. ఎవనిది వానికే పడుతుండె.”

ఆ మాటకు నా ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకు నా లాంటివాడు ఒకడు దొరికాడు! జమ్ములమ్మ మాత్రం బల్ల కింద నుంచి పట్టుపోగుల సంచి బయటికి లాగింది. ఎన్నాళ్లయిందో దాన్ని తీసి. మూతి విప్పి, “తెండ్రి,” అంది.

ఒక్కొక్కరే చార్జరు తెచ్చి ఇచ్చారు. ఆమె ఒక్కొక్కరినీ ఏ ఇల్లని అడిగింది. ఒకింటి వాళ్లకు ఒక రంగు, అందులో అన్నకు ఒక ముడి, తమ్మునికి రెండు. ఎర్రదారం వద్దన్నవాడికి నీలం, నలుపు కావాలని అడిగినవాడికి నలుపే. బిడ్డను చంకనేసుకున్న ఒక పిల్ల వచ్చి చార్జరు చాపితే, జమ్ములమ్మ చెయ్యి కొంచెంసేపు ఆగింది. ఆ పసిబిడ్డ చెంప నిమిరి, అందరికంటే పొడుగు దారం తీసి కట్టింది. పూనాలో చీర పీలికలు కట్టిన జమ్ములమ్మ ఎట్లా ఉండేదో నేను చూడలేదు గానీ, ఆ రోజు చూసినట్టే అనిపించింది.

బస్సు వచ్చింది. మూటలు ఎక్కుతున్నాయి. అందరికంటే చివర అబ్రహాం వచ్చాడు. భుజాన సంచి, చేతిలో కొత్త చార్జరు. భార్య మొహంలోకి చూడకుండా దాన్ని బల్ల మీద పెట్టాడు.

“నాదానికి గూడ ఒకటి గట్టు,” అన్నాడు.

జమ్ములమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. సంచిలో చెయ్యి పెట్టింది. పోగులు అటూ ఇటూ కదిపింది. తర్వాత చెయ్యి ఖాళీగానే బయటికి తీసింది.

“దీనికొద్దు,” అంది.

“ఎందుకొద్దు?”

“పది మందిల గలిసేదానికి గుర్తు గావాలె. ఇంట్ల ఉండేదానికి ఎందుకు?”

ఆ చార్జరును తన డబ్బాలోని బోర్డుకే గుచ్చింది. అవతలి మొన తన ఫోనుకు పెట్టింది. ఫోను కిణుక్కుమంది. ఆ వెలుగును అబ్రహాంకు చూపించింది.

“సూడు, నాదానికి గూడ ఎక్కుతున్నది. ఇంక మనిద్దరికి ఒక్కటే సాలు.”

“మరి పిల్ల సదువు?”

“రేపటి సంది బాలన్న ఇంటికి కండెలకు పోత. నువ్వు దొరికిన చేనుకు పో. ఒక్క ఏడు ఎల్లదీయమా? తాళం గూడ లేదు మనింటికి, నేను కొనలే.”

అంతసేపూ గట్టిగా మాట్లాడిన గొంతు ఆ తాళం మాట దగ్గర వణికింది. జయరాజు బస్సు మెట్టు మీద నుంచి, “అన్నా, వస్తున్నవా లేదా?” అని కేక వేశాడు. డ్రైవరు హారను కొట్టాడు. అబ్రహాం బస్సును చూశాడు, బోర్డుకు ఉన్న చార్జరును చూశాడు. దాన్ని పీకి తీసుకుంటే ఎవరూ ఆపరు. తీసుకోలేదు. భుజాన ఉన్న సంచి దించి నా అరుగు మీద పెట్టి, మీరు పోండని జయరాజుకు చెయ్యి ఊపాడు.

కండెల కూలితో, అబ్రహాం తెచ్చేదానితో వాళ్లకు సుఖంగా జరుగుతోందని నేను అబద్ధం చెప్పను. కష్టంగానే ఉంది. సాయంత్రం పూట మాత్రం జమ్ములమ్మ డబ్బా తెరుస్తుంది. మనీషా హాస్టలు పిల్లలు చార్జర్లకు కట్టుకోవడానికి గుర్తుల దారాలు ముళ్లేసి పంపుతుంది, దానికి వచ్చేది చాయ్ ఖర్చే.

మొన్న వాళ్లింటికి పోయాను. తలుపు బార్లా తెరిచి ఉంది. గోడకు ఆ రెండు మేకులు అట్లాగే ఉన్నాయి. ఒకదానికి చార్జరు. ఎవరి ఫోను ముందు పెట్టాలని మొగుడూ పెళ్లాం అప్పుడే ఒక కొట్లాట ముగించారట. రెండో మేకుకు చార్జరు లేదు, చేను నుంచి వచ్చి విప్పిన అబ్రహాం చొక్కా వేలాడుతోంది. ఆ కొత్తపిన్ను మీద నాకు ఒళ్లుమంట తగ్గలేదు. కానీ ఆ చొక్కాను చూశాక మాత్రం దాన్ని తిట్టడానికి నోరు రాలేదు.